ఏసీ ఆగట్లేదంటే గ్యాస్ తక్కువైనట్టేనా?

ఇంటి మొత్తానికీ ఒకటే ఏసీ ఉన్నవాళ్లు ఒక్కసారి "ఆగట్లేదండీ" అని మెకానిక్‌కి ఫోన్ చేసి చూడండి. "గ్యాస్ తగ్గి ఉంటుంది సార్" అంటాడు. ఇంకా మిషన్ మొహం కూడా చూసి ఉండడు.

మొన్న రాత్రి రెండింటికి చలికి మెలకువ వచ్చింది. ఇంట్లో చల్లదనం చూసి ఏసీని నడిపి, ఆపే థర్మోస్టాట్‌లో పెట్టింది 25, ఇంట్లో ఉన్నది 19. బయట యూనిట్ గుర్రుమంటూనే ఉంది. ఆఫ్ నొక్కినా లెక్కచేయలేదు. విసుగొచ్చి థర్మోస్టాట్‌ని గోడ మీది నుంచి ఊడబీకాను. లోపలి ఫ్యాన్ టక్కున ఆగింది, బయటిది మాత్రం తిరుగుతూనే ఉంది. చివరికి బ్రేకర్ దించి పడుకున్నాను.

పొద్దున వచ్చినాయన మళ్లీ అదే పాట. "గ్యాస్ లేకే ఆగకుండా తిరుగుతోంది." రాత్రంతా దుప్పట్లో వణికిన మనిషితో అనాల్సిన మాటేనా అది? గ్యాస్ తక్కువైతే ఇల్లు చల్లబడదు, చల్లబడదు కాబట్టి మిషన్ ఆగదు. చల్లబడ్డాక కూడా ఆగట్లేదంటే ఆ జబ్బే వేరు. ఈ తేడా అడక్కుండా గ్యాస్ ఒత్తిడి కొలిచే గేజీలు తగిలించేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పైగా గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు, మూసేసిన పైపుల్లో తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే. ఆ లీకు వెతకకుండా నింపి వెళ్లిపోవడం రిపేరు ఎలా అవుతుంది?

ఇల్లు చల్లబడకుండా తిరుగుతూనే ఉంటే ముందు ఫిల్టర్ చూసుకోండి, తర్వాత బయటి కాయిల్‌కి పట్టిన దుమ్ము చూడండి. థర్మోస్టాట్‌కి ఎండ తగిలినా, వెనక వైర్ల కోసం కొట్టిన బెజ్జంలోంచి వేడిగాలి వచ్చినా అది మోసపోతుంది. మండే ఎండలో మధ్యాహ్నమంతా తిరిగితే అసలు రోగమే కాదు.

నాలా చల్లబడ్డాక కూడా ఆగకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది. థర్మోస్టాట్ బయటి యూనిట్‌ని నేరుగా నడపదు. 24 వోల్టుల సన్న వైరు మీద కబురు పంపుతుంది, అక్కడ కాంటాక్టర్ అనే స్విచ్ పెద్ద కరెంటుని కలుపుతుంది. ఆ 24 వోల్టులు మామూలుగా లోపలి యూనిట్ నుంచే వస్తాయి. కాబట్టి లోపలి యూనిట్ బ్రేకర్ ఒక్కటే దించండి. బయటిది ఆగిందంటే థర్మోస్టాట్ పాడైందేమో, లేదా గోడలో ఎక్కడో వైర్లు ఒకదానికొకటి తగులుతున్నాయేమో అనుమానించాలి. అయినా తిరుగుతోందంటే కాంటాక్టరే అతుక్కుపోయింది. అంతటితో మీ పని అయిపోయింది, బయటి బ్రేకర్ కూడా దించేయండి. మూత మాత్రం విప్పొద్దు. కరెంటు తీసేసినా లోపల కరెంటు దాచుకునే కెపాసిటర్‌లో చార్జి మిగిలే ఉంటుంది, కొడితే మామూలుగా కొట్టదు.

రెండో మెకానిక్ కుర్రాడు నేను చెప్పింది విని, గేజీలు సంచిలోనే ఉంచి మూత విప్పాడు. కాంటాక్టర్ మధ్య మీట నొక్కిపెట్టినట్టే లోపలికి ఉండిపోయింది. రెండు బిళ్లలూ నల్లగా మాడి, టంకం పెట్టినట్టు కరుచుకున్నాయి. సందులో నాలుగు మాడిన చీమలు. "వీటికి ఇదంటే మహా ఇష్టం సార్" అని నవ్వాడు. అరచేతిలో పట్టేంత ముక్క, మార్చడానికి అరగంట కూడా పట్టలేదు.

అన్నట్టు, థర్మోస్టాట్‌లో లోపలి ఫ్యాన్‌ని ఆటోలో కాకుండా, ఎప్పుడూ తిరిగేలా ఆన్‌లో పెట్టింది మా ఆవిడ. దానివల్లే ఇల్లు 19కి దిగింది. ఆటోలో ఉండుంటే లోపల గాలి ఆగిపోయి, బయట కంప్రెసర్ తిరుగుతూ, లోపలి కాయిల్ ఐసుగడ్డ అయ్యేదట. ఆ కుర్రాడు ఈ మాట ఆవిడ ముందే అన్నాడు. ఆన్‌లో ఉంచితే కాయిల్ మీది తడి మళ్లీ ఇంట్లోకే వస్తుందని నేనెంత మొత్తుకున్నా, ఇప్పుడా స్విచ్ మీద నన్ను చెయ్యి కూడా వేయనివ్వట్లేదు.