సవరణ: హైడ్రేట్ మందుల మోతాదు అన్నిటికీ ఒకటి కాదు

సముద్రగర్భ గ్యాస్ పైపుల్లో హైడ్రేట్ (నీరు, గ్యాస్ కలిసి ఏర్పడే మంచులాంటి ఘనపదార్థం) గడ్డలు కట్టకుండా వాడే రసాయనాల గురించి రాసిన మొన్నటి టపాలో "ఒక శాతం లోపు మందు చాలు" అన్న వాక్యం ఉంది. బరంపురం, పర్లాకిమిడిలలో డిప్లొమా చదువుతున్న మన తెలుగు పిల్లలు దాన్ని అన్ని మందులకూ వర్తింపజేసి నోట్సులో రాసుకున్నారు. రేపు కాకినాడ తీరంలో ఉద్యోగాలకు వెళ్లేది వీళ్లే కాబట్టి వివరంగా చెబుతున్నాను.

ఆ లెక్క ప్రధానంగా పాలిమర్ (పొడవాటి గొలుసుల్లాంటి అణువులున్న) మందులది. అవి హైడ్రేట్ స్ఫటికాల పుట్టుకను ఆలస్యం చేస్తాయే తప్ప శాశ్వతంగా ఆపవు. పైపులో ప్రవాహం చాలాకాలం ఆగిపోతే వాటిని నమ్ముకోకూడదు. మిథనాల్, మోనో ఇథిలీన్ గ్లైకాల్ పనితీరు వేరు. నీటిలో కలిసి, హైడ్రేట్ ఏర్పడే ఉష్ణోగ్రతనే కిందికి దించుతాయి. అందుకు ఆ నీటి దశ (పైపులో ద్రవంగా ఉన్న నీటి భాగం) బరువులో 20 నుంచి 50 శాతం దాకా కావలసి రావచ్చు. మిథనాల్‌లో కొంత ఆవిరై గ్యాస్‌తో పోతుంది, ఆ నష్టాన్నీ కలుపుకోవాలి. గ్లైకాల్‌ను చాలావరకు తిరిగి రాబట్టుకోవచ్చు.

ఇంకొకటి: హైడ్రేట్ మామూలు మంచు కాదు. నీటి అణువుల పంజరంలో మీథేన్ చిక్కుకున్న ఘనపదార్థం. పైపులు పూడుకుపోవడానికి కారణం ఇదేనని అమెరికన్ పరిశోధకుడు హామర్‌ష్మిట్ 1934లోనే చూపించాడు. 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర 40 బార్ పీడనం ఉంటే చాలు, ఇది ఏర్పడుతుంది.

గడ్డ కట్టిన పైపులో ఒకవైపే పీడనం తగ్గించకండి. గడ్డ ఊడి తూటాలా దూసుకొచ్చి పైపును పగలగొడుతుంది, ప్రాణాలు తీస్తుంది. రెండువైపులా నెమ్మదిగా తగ్గించాలి.