పాస్‌వర్డ్ కరెక్టే, గడియారం తప్పు!

పాస్‌వర్డ్ కరెక్టే. ఒక్కో అక్షరం చూసుకుని మరీ కొట్టాను. అయినా ఫైర్‌వాల్‌ది (ఆఫీసు నెట్‌కి కాపలా కాసే పెట్టె) ఒకటే మాట: లాగిన్ విఫలమైంది. ఎందుకు? చెప్పదు! తప్పు పాస్‌వర్డ్‌దా, ఓటీపీదా, నా ల్యాప్‌టాప్ ఐపీకి, అంటే నెట్‌వర్క్ చిరునామాకి, అనుమతి లేదా? దొంగకి తెలియకూడదని స్క్రీన్ మీద చెప్పదు, సరే. లాగ్‌లో, అంటే తన లోపలి చిట్టాలో, రాసుకుంటుంది కదా అంటే, ఆ లాగ్ చూడ్డానికీ లాగిన్ అవ్వాలి! ఇంకో రెండుసార్లు కొడితే ఖాతా లాక్.

భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటు. రాత్రంతా కరెంటు పోతూ వస్తూ ఉందట. "నెట్ లేదండీ, కంటైనర్ కాగితాలు పంపాలి, తొందరగా రండి" అని పొద్దున్నే ఫోన్. అమలాపురం నుంచి బండి మీద చించినాడ వంతెన దాటి వచ్చాను. తీరా చూస్తే ఏముంది? ఫైర్‌వాల్ లోపలి చిన్న బ్యాటరీ అయిపోయి, కరెంటు పోగానే గడియారం ఏళ్ల వెనక్కి పోయింది. ఫోన్‌లో యాప్ చూపించే ఈ ఓటీపీ టైమును బట్టే పుడుతుంది, 30 సెకన్లకోసారి మారుతుంది. టైమే తప్పితే సరైన నంబరు కూడా తప్పే కదా!

సరే, కన్సోల్ నుంచి, అంటే ల్యాప్‌టాప్‌ని నేరుగా ఆ పెట్టెకే తగిలించి వెళ్దామంటే కేబుల్ ఏదీ? ఎవరికీ తెలీదు. ఓటీపీ అక్కర్లేని అత్యవసర ఖాతా పాస్‌వర్డ్? "మానేసిన కుర్రాడికి తెలుసండీ." ఒక్క కాగితం మీద రాసి బీరువాలో పెట్టడానికి ఏం రోగం? వందల రూపాయల కేబుల్, రూపాయి కాగితం లేక లక్షల సరుకు ఆగిపోవాలా?

కుర్రాడు ఫోనెత్తేసరికి మధ్యాహ్నం రెండయింది. పాస్‌వర్డ్ చెప్పాడు. ఆ అత్యవసర ఖాతాతో లోపలికెళ్లి టైము సరిచేశాను. మళ్లీ నా ఖాతాతో కొట్టాను: అదే పాస్‌వర్డ్, అదే ఓటీపీ యాప్. వెంటనే తెరుచుకుంది.