యానిమేషన్ డిగ్రీ: పెద్దల సభలో తేలిన నియమాలు

పిల్లవాడు యానిమేషన్ చదువుతానన్నప్పుడు పెద్దలు ముందు చేయాల్సిన పని వాణ్ణి బయటికి పంపడం. వాడుంటే ఏం నేర్చుకోవాలనుకుంటున్నాడో చెప్పడం మొదలుపెడతాడు, చర్చ పక్కదారి పడుతుంది. కడపలో మా వీధిలో ఈమధ్య జరిగిన అలాంటి సభకు నన్నూ పిలిచారు. అక్కడ తేలిన నియమాలను లోకోపకారం కోసం రాస్తున్నాను.

ముందుగా డిగ్రీ పేరు. బీఎస్సీ అంటే అందులో సైన్సు ఉంది, రేపు సంబంధాలు చూసేటప్పుడు గట్టిగా చెప్పుకోవచ్చు. లలితకళల డిగ్రీ బీఎఫ్‌ఏ పేరు చెబితే అవతలివాళ్లు ‘అంటే?’ అంటారు. దానికి జవాబు చెప్పగల మేనమామ ఇంకా పుట్టలేదు. పైగా అది నాలుగేళ్లు, బీఎస్సీ మామూలుగా మూడేళ్లు. సిమెంటు వ్యాపారం చేసే పిల్లవాడి చిన్నాయన, ఒక ఏడాది ఫీజు మిగులుతుందని అక్కడికక్కడే లెక్క తేల్చేశాడు. బీఎఫ్‌ఏలో మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి బొమ్మ గీయడం ఎందుకు నేర్పుతారో ఎవరూ అడగలేదు. కంప్యూటరే గీస్తుంది గదా!

తర్వాత ఊరు. ఆర్కిటెక్చర్‌కూ కళలకూ కలిపి 2020లో ప్రభుత్వం ఒక విశ్వవిద్యాలయం పెట్టింది, అదీ కడపలోనే. అందులో యానిమేషన్ బీఎఫ్‌ఏ ఉంది, ఏడీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి చేరవచ్చు. దానికున్న పెద్ద లోపం కూడా కడపలో ఉండడమే. క్యారియర్ పట్టుకుని ఆటోలో పోయొచ్చే చదువును చుట్టాలకు ఏమని చెప్పుకుంటాం? రాత్రి బస్సెక్కించి హైదరాబాదుకు పంపితేనే చదివించినట్టు లెక్క.

కాబట్టి హైదరాబాదు పోయి ఒక ప్రైవేటు సంస్థను చూశాం. అద్దాల తలుపు, లోపల చల్లగా ఏసీ. గోడ నిండా హాలీవుడ్ రాక్షసుడి బొమ్మ. బొమ్మ అక్కడి విద్యార్థులు గీసింది కాదు గానీ, గోడ మాత్రం వాళ్లదే. కౌన్సెలింగ్ మేడమ్ పిల్లవాడి పేరుకన్నా ముందు తండ్రి ఫోన్ నంబరు రాసుకుంది. బ్రోచర్‌లో నూటికి నూరు శాతం ఉద్యోగాలు అని ఉంది, పక్కన ఒక నక్షత్రం గుర్తు. డిగ్రీ ఇచ్చేది వేరే రాష్ట్రంలోని ఏదో యూనివర్సిటీ అన్న సంగతి అట్టడుగున చీమల్లాంటి అక్షరాల్లో ఉంది. అంత చిన్నవి చదివితే కళ్లు పాడవుతాయని మేం బ్రోచర్ మడిచేశాం.

అంతలో పిల్లవాడు నోరు జారాడు. “పోయినేడు కోర్సు అయిపోయినవాళ్ల షోరీల్స్ చూపిస్తారా మేడమ్? పాఠాలు చెప్పేవాళ్లు ఏ స్టూడియోలో పనిచేశారు?” షోరీల్ అంటే తాము చేసిన పనిలో మంచి ముక్కలు ఏరి కూర్చిన చిన్న వీడియో. వాళ్ల నాన్న వాడి కాలు తొక్కాడు. మేడమ్ మాత్రం నవ్వు చెదరకుండా నాన్నవైపు తిరిగి, “హాస్టల్లో కూడా ఏసీ ఉంది సార్” అంది. కమిటీకి పూర్తి తృప్తి కలిగింది.

ఉద్యోగం సంగతి కూడా కనుక్కున్నాం. ఈ చదువు చదివినవాళ్లలో కొందరు మొదట రోటో పనిలో చేరతారట. అంటే, సినిమా షాట్‌లో హీరో చుట్టూ ఫ్రేము ఫ్రేముకూ గీత గీసి, వెనకున్నదాంట్లోంచి వేరుచేయడం. హీరో జుట్టు గాలికి ఎగురుతూంటే ఇక ఆ కుర్రాడికి శివరాత్రే. “కూర్చుని చేసే పనే గదా” అన్నాడు చిన్నాయన. ఆ అధ్యాయం అంతటితో ముగిసింది.

ఇంటికొచ్చాక పిల్లవాడు ఫోను తీశాడు. నోటుబుక్కులో గీసి, ఒక్కొక్కటీ ఫొటో తీసి కలిపిన వీడియో అది. బంతి పడుతుంది, లేస్తుంది, అంతే. సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపినా సెకనుకు 12 బొమ్మలు గీయాలి. రెండు సెకన్ల బంతికి 24 బొమ్మలయ్యాయి. “అయిపాయనా?” అన్నాడు చిన్నాయన. తమలపాకు నములుతున్న జేజి మాత్రం మళ్లీ పెట్టమంది. “నేలకు తగిలినప్పుడు అణగలేదేమిరా? బంతి కాదది, రాయి” అంది. యానిమేషన్‌లో మొట్టమొదట నేర్పేవాటిలో ఇదొకటి: బంతి నేలను తాకితే అణగాలి, లేచేటప్పుడు సాగాలి. అయితే జేజి ఏ బడికీ పోలేదు గనుక ఆమె మాటను సభ లెక్కలోకి తీసుకోలేదు.

నేనూ ఒక ముక్క చెప్పబోయాను. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసి ఆడించే దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చిందన్నాను. బొమ్మను కదిలించడం మన సీమకు కొత్తేమీ కాదని నా ఉద్దేశం. “పద్మశ్రీ సరే సామీ, ప్యాకేజీ ఎంత?” అన్నారు. కూర్చున్నాను.

చివరికి ఏసీ ఉన్న సంస్థకే అడ్వాన్సు కట్టారు. రసీదు చేతికి రాగానే చిన్నాయన పిల్లవాణ్ణి పక్కకు పిలిచాడు.

“మా లీడర్ పుట్టినరోజు వస్తాంది. స్టేటస్‌లో పెట్టుకునేదానికి ఒక వీడియో చేసియ్యి. ఆయన నిలబడుంటే వెనకనుంచి పులి నడుచుకుంటా రావాల.”

“నాలుగు కాళ్ల నడక చాలా కష్టం చిన్నాయనా. నాకింకా బంతే సరిగ్గా రాల్యా.”

“అట్లయితే పులిని కూర్చోబెట్టు. ఫ్రీగానే గదా, నేనేమీ అనుకోనులే.”