నోరు మూయించే కుట్ర

నోరు తెరుచుకుని బతికేవాళ్ల మీద చాపకింద నీరులా ఒక దాడి జరుగుతోంది. దాని పేరు ఓరోఫేషియల్ మయోఫంక్షనల్ థెరపీ, అంటే నోటి, ముఖ కండరాల అలవాట్లను వ్యాయామాలతో మార్చే వైద్యం. ఆ థెరపిస్టుల డిమాండ్లు చూడండి: పెదాలు కలిసి ఉండాలి, నాలుక అంగిలికి ఆని ఉండాలి, గాలి ముక్కుతోనే పీల్చాలి. నలుగురిలో ఉన్నప్పుడు మాత్రమే అంటే సర్దుకుపోయేవాళ్లం. ఊరికే కూర్చున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, చివరికి నిద్రలో కూడా ఇలాగే ఉండాలట. నిద్రపోయే మనిషికి క్రమశిక్షణ నేర్పాలనుకున్నవాళ్లను ఇప్పుడే చూస్తున్నాం.

మొదటి దెబ్బ నాలుక మీద. పై వరసలో ముందు పళ్ల వెనక, చిగురు దగ్గర ఒక చిన్న బుడిపె తగులుతుంది. నాలుక కొన అక్కడికి చేరాలి, మిగతా నాలుకంతా అంగిలికి అతుక్కోవాలి, పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉండాలి. (ఇది చదువుతూనే మీ నాలుక ఎక్కడుందో వెతుక్కున్నారు. చూశారా, ప్రచారం ఎంత తేలిగ్గా తలకెక్కుతుందో!) మన నాలుకలు ఏళ్ల తరబడి, రిటైరైన గుమాస్తా పడక్కుర్చీలో వాలినట్టు, కింది దవడలో హాయిగా పడుకుని ఉన్నాయి. వాటిని లేపి మళ్లీ డ్యూటీలో వెయ్యడం ఏం న్యాయం?

దీనికి చెప్పే కారణం వింటే ఇంకా ఒళ్లు మండుతుంది. లోపలి నుంచి నాలుక నెడుతుంది, బయటి నుంచి పెదాలూ బుగ్గలూ నెడతాయి, ఈ రెండు పక్షాలకూ రాజీ కుదిరిన చోట పళ్లు నిలబడతాయట. ఎదిగే వయసులో నాలుక కింద పడి ఉంటే బుగ్గలకు ఎదురుచెప్పే దిక్కుండదు, పై దవడ ఇరుకైపోవచ్చు. గుటక వేసేటప్పుడు నాలుక ముందు పళ్లను తోయడం వల్లే అవి ఎత్తుగా వస్తాయని చాలామంది అనుకుంటారు. ఒక గుటక సెకను సేపే. రోజుకు వెయ్యి గుటకలు వేసినా అన్నీ కలిపి ఇరవై నిమిషాలు కాదు. పళ్లను కదిపేది గంటల తరబడి మెల్లగా పడే ఒత్తిడి. అంటే ఏ పనీ చెయ్యనప్పుడు నాలుక ఎక్కడుంటుందన్నదే ముఖ్యం. ఏ పనీ చెయ్యకపోవడంలో కూడా ఇంత బాధ్యత ఉందని తెలిశాక మా వర్గానికి సగం ధైర్యం చచ్చింది.

కుట్ర కొత్తదేమీ కాదు. జార్జ్ కాట్లిన్ అనే అమెరికన్ వకీలు పని వదిలేసి అక్కడి మూలవాసుల బొమ్మలు గీస్తూ తిరిగాడు. ఆ తల్లులు నిద్రపోయే పసిపిల్లల పెదాలను వేళ్లతో దగ్గరికి నొక్కడం చూసి వచ్చి, నోరు మూసుకుని పడుకోండి అంటూ 1860లలో ఒక పుస్తకమే అచ్చేశాడు. 1918లో బోస్టన్ ఆర్థోడాంటిస్ట్ (పళ్ల వరస సరిచేసే డాక్టరు) ఆల్ఫ్రెడ్ రోజర్స్ ముఖ కండరాలకు వ్యాయామాలు సూచించాడు. ఆ తర్వాత ఈగిల్ హార్వోల్డ్ అనే పరిశోధకుడు కోతుల ముక్కులు బిగించి చూశాడు. గాలి కోసం ఒక్కో కోతి ఒక్కో రకంగా నోరు తెరవడం అలవాటు చేసుకుంది, దాన్ని బట్టి దవడల తీరూ పళ్ల వరసా మారిపోయాయి. మా తరఫున సాక్ష్యం చెబుతాయనుకున్న కోతులు కూడా అటు తిరిగాయి.

ముక్కు గొప్పల గురించి వాళ్లు చెప్పేది క్లుప్తంగా చెప్పేస్తాను, ఎక్కువ చెబితే మన కేసు పోతుంది. అది గాలిని వేడి చేస్తుంది, తడి చేస్తుంది, దుమ్ము వడకడుతుంది. సైనస్‌లలో తయారయ్యే నైట్రిక్ ఆక్సైడ్‌ను వెంటబెట్టి ఊపిరితిత్తులకు పంపుతుంది, అక్కడి రక్తనాళాలు వదులవుతాయి. నోటిగాలికి ఈ సదుపాయాలేవీ లేవు. ఉమ్మి ఆరిపోయి పొద్దున్నే వాసన, పళ్లు పుచ్చే అవకాశం అదనం.

నోట్లో వేలు పెడితే కొరకలేని అమాయకులను కూడా వదల్లేదు. వేలు చీకడం పసితనంలో మామూలే, చాలామంది పిల్లలు మూడు నాలుగేళ్లకు వాళ్లంతట వాళ్లే మానేస్తారు. మానని పిల్లలకు ముందు పళ్లు పైవీ కిందివీ కలవక మధ్యలో సందు మిగలొచ్చు. ఎలాగో వేలు మానిపిస్తే, ఖాళీ అయిన సీట్లోకి నాలుక వచ్చి కూర్చుంటుంది. గుటక వేసిన ప్రతిసారీ అందులోకి దూరుతుంది, ‘స’ అనబోతే బయటికి జారుతుంది. పెద్దవాళ్ల వైద్యం మనకు తెలిసిందే: వేలికి చేదు, వీపు మీద ఒకటి. థెరపిస్టు తిట్టరు, కొట్టరు. వేలు నోట్లోకి ఎప్పుడు వెళ్తోంది, నిద్రొచ్చినప్పుడా, టెన్షన్ పడినప్పుడా అని పిల్లవాడితోనే చార్టు మీద గుర్తు పెట్టిస్తారు. గోళ్లు కొరికేవాళ్లకూ, పెన్ను మూతలు నమిలేవాళ్లకూ ఇదే మర్యాద. ఇంత మర్యాదగా లాక్కుంటుంటే తిరగబడేదెలా?

ఇక చేయించే పనులు. పెద్ద బొత్తానికి గట్టి దారం కట్టి, దాన్ని పళ్లకూ పెదాలకూ మధ్య పెట్టుకుని, పెదాలు బిగించి, దారాన్ని ముందుకు లాగాలి. బొత్తాం బయటికి జారకూడదు. పెదాలకు బలం రావడానికట. నాలుకంతా అంగిలికి పీల్చి పట్టి, ఆ పట్టు వదలకుండా నోరు వీలైనంత తెరవాలి. నాలుక కింద తీగ సాగి కనపడాలి. ఆ తర్వాత టక్కున వదిలితే గుర్రం నడిచిన చప్పుడు రావాలి. రోజూ, అద్దం ముందు, నెలల తరబడి. ఇంట్లోవాళ్లు చూస్తే పరువేం కావాలి?

గురక విషయంలో మా పరిస్థితి మరీ ఇబ్బందికరం. 2009లో బ్రెజిల్‌లో ఒక మోస్తరు స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు) ఉన్న 31 మందిని తీసుకుని, సగం మందితో మూడు నెలలు నాలుక, గొంతు వ్యాయామాలు చేయించారు. వాళ్లకు నిద్రలో ఊపిరికి అడ్డుపడటం గంటకు సగటున 22 సార్ల నుంచి 14కు దిగింది. 2015లో అలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూస్తే పెద్దవాళ్లలో దాదాపు సగానికి తగ్గింది. ఆ లెక్కలో ఉన్న పెద్దవాళ్లు 120 మందేనని గట్టిగా అరవండి, మన చేతిలో ఉన్న ఆయుధం అదొక్కటే. జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లను, నిద్రలో మాస్కు గుండా గాలి తోసే సీపాప్ మెషిన్ పక్కన పెట్టి బొత్తాం పట్టుకోమని వాళ్లూ అనరు. అసలు అవమానం 2006 నాటిది. స్విట్జర్లాండ్‌లో 25 మందిని తీసుకుని, కొందరికి నాలుగు నెలలు డిజరిడూ నేర్పారు. ఆస్ట్రేలియా మూలవాసులు ఊదే పొడవాటి గొట్టం అది. ఊదినవాళ్లకు పగటి మగత తగ్గింది, పక్కన పడుకునేవాళ్లకూ కాస్త నిద్ర పట్టింది. 2017లో దీనికి ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి) ఇచ్చారు, అదీ శాంతి విభాగంలో. ఆ సాధన విన్న పక్కింటివాళ్ల శాంతి వేరే సంగతి.

మాకూ మిత్రులున్నారు. నాలుకను పైకి నొక్కితే నెలలో దవడ కత్తిలా తేలుతుందని వీడియోలు చేసే కుర్రాళ్లు ఒకరు. ఎదుగుదల ఆగిపోయిన ఎముక నాలుక మాట వినదని వాళ్లకెవరూ చెప్పలేదు. మూతికి టేపు అంటించుకుని పడుకోమనేవాళ్లు ఇంకొకరు. ముక్కు బిగుసుకుపోయినవాడు నోటికీ తాళం వేసుకుంటే గాలి ఎటు నుంచి రావాలో ఆ వీడియోలో ఉండదు. థెరపిస్టులు మాత్రం ముందు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోమంటారు. ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ గడ్డలు పెరిగాయా, ముక్కు దూలం వంకరా, ఎలర్జీయా తేలాలి. దారి తెరిచాకే పెదాల సంగతి. క్లిప్పులతో సరిచేసిన పళ్లు నాలుక పాత చోటే ఉంటే మళ్లీ కదలొచ్చని ఆర్థోడాంటిస్టునూ కలుపుకుంటారు. శత్రువు తన హద్దులు తానే చెప్పుకుంటుంటే ఏమని తిట్టాలి?

అయినా మనం ఉద్యమాలు చెయ్యక్కర్లేదు. వాళ్ల దగ్గర మాత్ర లేదు, ఇంజక్షన్ లేదు, ఒక్క సిట్టింగ్‌లో తేలే పని లేదు. ఉన్నది రోజూ చెయ్యాల్సిన చాకిరీ. మొదటి వారం బొత్తాం పొద్దునా సాయంత్రం బయటికొస్తుంది. రెండో వారం ఆదివారం సెలవు. మూడో వారం అలారాన్ని స్నూజ్ చేస్తారు. నాలుగో వారానికి ఆ బొత్తాం ఏ కోటుకో కుట్టేసి ఉంటుంది.