ఆల్ప్స్ విలాస షాలేలు: తప్పు పట్టవలసింది ఆడంబరాన్నా, మూసిన తలుపులనా?

ఫ్రాన్స్‌లోని సవోయి ప్రాంతంలో కూర్షెవెల్ 1850 అనే స్కీ పట్టణం ఉంది. క్రిస్మస్, కొత్త సంవత్సరం కలిసి వచ్చే రోజుల్లో అక్కడ ఒక పెద్ద విలాస షాలే (ఆల్ప్స్ కొండల తీరు కొయ్య ఇల్లు) అద్దె వారానికి లక్ష యూరోలు దాటడం వింతేమీ కాదు. మన లెక్కలో దాదాపు కోటి రూపాయలు. ఏడు రాత్రుల బసకు కోటి రూపాయలా అని ముక్కున వేలేసుకోవడం సహజమే కాని, అక్కడితో ఆగిపోతే ఆల్ప్స్ గ్రామాల్లో కొన్నేళ్లుగా నలుగుతున్న అసలు వివాదం మనకు అందదు. అక్కడి మేయర్లు, ఓటర్లు, ఊరివాళ్లు వాదించుకుంటున్నది ఖరీదైన ఇంట్లో ఎవరు ఎంత విలాసంగా గడుపుతున్నారని కాదు, ఏడాదిలో ఎన్ని రాత్రులు ఆ ఇంట్లో దీపం వెలుగుతోందని. విలాస షాలేను తూచవలసిన తూకం అదేనని నా అభిప్రాయం.

షాలే పుట్టుకలో విలాసం ఆనవాళ్లే లేవు. వేసవిలో ఆవులను కొండపై పచ్చిక బయళ్లకు తోలుకుపోయిన కాపరులు మూడు నాలుగు నెలలు అక్కడే ఉండి, పాలు కాచి చీజ్ తయారు చేసుకోవడానికి కట్టుకున్న కొయ్య ఇల్లు అది. మంచు పడే వేళకు మందతో సహా కిందికి దిగిపోయేవారు. అంటే ఈనాడు ఏ కాలంలో షాలే అద్దె ఆకాశాన్ని అంటుతోందో, పూర్వం ఆ కాలంలో అది మనిషి జాడ లేని ఇల్లు. స్విట్జర్లాండ్‌లోని వలే ప్రాంతంలో ఇప్పటికీ నిలిచి ఉన్న పాత ధాన్యపు కొట్లను దగ్గరగా చూస్తే ఆ జీవితం ఎంత పొదుపుగా సాగిందో తెలుస్తుంది. పొట్టి కొయ్య స్తంభాలు, వాటి నెత్తిన గుండ్రటి రాతి పలకలు, ఆ పలకల మీద కొట్టు. ఎలుక స్తంభం ఎక్కగలదు కాని పలక అంచును దాటలేదు. లార్చ్ చెట్టు దుంగలతో కట్టిన గోడలు దక్షిణం వైపు ఎండకు మాడినట్టు నల్లబడి, ఉత్తరం వైపు బూడిద రంగుకు తిరిగి ఉంటాయి. ఇప్పుడు ఆ మాడిన రంగుకే గిరాకీ. పాత కొట్లు, పశువుల పాకలు విప్పగా వచ్చిన పలకలను కొని, కొత్త కాంక్రీటు గోడలకు లోపలా బయటా తొడిగి, తరతరాల ఇల్లు అనిపించేలా చేయడం ఆల్ప్స్ నిర్మాణ రంగంలో ఒక స్థిరమైన వ్యాపారం.

కాపరి ఇల్లు ధనవంతుల సెలవుల ఇల్లుగా మారడం వెనుక కూడా ఒక చరిత్ర ఉంది. స్విట్జర్లాండ్‌లోని సెయింట్ మోరిట్జ్‌కు దీటుగా ఫ్రాన్స్‌లో ఒక శీతాకాలపు విడిది ఉండాలన్న కోరికతో ప్రసిద్ధ బ్యాంకింగ్ కుటుంబానికి చెందిన బారొనెస్ నొయెమీ ద రోత్‌షీల్డ్ 1920ల మొదట్లో మెజేవ్ గ్రామాన్ని ఎంచుకున్నారు. ఆ తరువాత కొద్ది ఏళ్లకే ఆర్కిటెక్ట్ ఆన్రీ జాక్ ల మెమ్ అక్కడి పల్లె ఇంటి రూపురేఖలను తీసుకుని, స్కీ ఆటగాళ్ల విడిదికి తగినట్టు తిరిగి మలిచాడు. నేటి విలాస షాలేలు చాలావరకు ఆ నమూనాకు వారసులే తప్ప కాపరి గుడిసెకు కావు. కూర్షెవెల్ కథ ఇంకా విచిత్రం. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1946లో, సవోయి జిల్లా పాలక మండలి ప్రజాధనంతో, ఒక పద్ధతి ప్రకారం గీసిన నక్షాతో, ఖాళీ కొండ మీద మొదలుపెట్టిన ఊరు అది. ప్రజాధనంతో వెలసిన ఆ ఊరే ఇప్పుడు యూరప్‌లో అత్యంత ఖరీదైన విడిదుల్లో ఒకటి. (పేరులోని 1850 సముద్ర మట్టం నుంచి ఎత్తును చెబుతుందని అనుకుంటాం. నిజానికి ఊరి నడిబొడ్డు దానికి సుమారు వంద మీటర్లు దిగువనే ఉంది. ప్రచారానికి ఆ వంద మీటర్లు అవసరపడ్డాయి.)

ఇంతకీ అతిథి కొనుక్కునేది ఏమిటి? కలప, కొండ, మంచు అని పైకి కనిపిస్తుంది. విలాస షాలే ఏర్పాట్లను కొంచెం నిదానంగా పరిశీలిస్తే, అక్కడ అమ్ముడుపోతున్న అసలు సరుకు శ్రమ కనిపించకపోవడం అని అర్థమవుతుంది. స్కీ ఆడిన రోజు సాయంత్రం బూట్లు తడిసి, బిగుసుకుపోయి ఉంటాయి. మామూలు అద్దె ఫ్లాట్‌లో ఉన్నవాడు తెల్లవారి ఆ చల్లని ప్లాస్టిక్ బూటులోకి కాలు దూర్చడానికి పళ్లు బిగబట్టవలసిందే. విలాస షాలేలో కింది అంతస్తున ఒక గది దీనికోసమే ఉంటుంది. గోడకు వరసగా బిగించిన గొట్టాలకు బూట్లను తలకిందులుగా తగిలిస్తే, రాత్రంతా వాటిలోంచి వెచ్చటి గాలి వీస్తుంది. పొద్దున బూట్లు పొడిగా, గోరువెచ్చగా ఉంటాయి. అతిథి తలుపు తీసి గడప దగ్గరే స్కీలు తొడుక్కుని జారుకుంటూ వెళ్లిపోతాడు. ఆ వెంటనే పడకలు సర్దేవాళ్లు, పొయ్యిలో కట్టెలు పేర్చేవాళ్లు, వంటవాడు, డ్రైవరు ఆ ఇంట్లోకి వస్తారు. శనివారం నుంచి శనివారం దాకా బస అన్నది అక్కడి ఆనవాయితీ. ఒక కుటుంబం పొద్దున ఖాళీ చేసి, మరొకటి సాయంత్రం దిగే మధ్యలో ఉన్న ఆ కొద్ది గంటలు సిబ్బందికి వారం మొత్తంలో గడ్డుకాలం.

ఇంటి బయట జరిగే పని ఇంతకన్నా పెద్దది, అది అద్దె బిల్లులో పూర్తిగా పడదు. రాత్రంతా మంచును చదును చేసే యంత్రాలు తిరుగుతాయి. హిమపాతం, అంటే మంచు చరియలు విరిగిపడే ముప్పు ఉన్న వాలుల మీద తెల్లవారుజామున పేలుళ్లు జరిపి, పేరుకున్న మంచును ముందుగానే కిందికి దించుతారు. రోడ్ల మీది మంచు తొలగిస్తారు. కొండల్లో ఏకాంతం అన్న అనుభూతి నిలబడేది ఈ సామూహిక వ్యవస్థ మీదనే. అది చాలనప్పుడు ఏమవుతుందో 1999 ఫిబ్రవరి 9న ఫ్రాన్స్‌లోని షామొనీ లోయలో ఉన్న మోంట్రాక్ గ్రామంలో తెలిసివచ్చింది. హిమపాతం షాలేల మీద విరుచుకుపడి 12 మంది ప్రాణాలు తీసింది. సకాలంలో ఖాళీ చేయించలేదన్న కారణంతో అప్పటి మేయర్‌ను 2003లో న్యాయస్థానం దోషిగా తేల్చింది. ఆ తీర్పులో, ప్రైవేటు ఇంట్లో ఉన్న అతిథి భద్రతకు ఊరి పాలకుడు జవాబుదారీ. 2018 జనవరిలో భారీ మంచుకు రోడ్డు, రైలు మార్గాలు మూసుకుపోయి స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్‌లో దాదాపు 13,000 మంది పర్యాటకులు చిక్కుకుపోయినప్పుడు, ఖరీదైన షాలేలో దిగినవారూ చవక గదిలో దిగినవారూ ఒకే హెలికాప్టర్ వరుసలో పడ్డారు.

మంచు సంగతికి వస్తే, ధరకూ దానికీ ఉన్న సంబంధం మనం అనుకున్నంత బలమైనది కాదు. స్విట్జర్లాండ్‌లోని మరో ఖరీదైన విడిది గ్‌స్టాడ్ ఎత్తు సుమారు 1,050 మీటర్లు, మెజేవ్‌ది 1,100 చిల్లర. ఇంత తక్కువ ఎత్తున ఉన్న స్కీ కేంద్రాలకే వాతావరణ మార్పు దెబ్బ ముందుగా తగులుతోంది. యూరప్‌లోని 2,234 స్కీ కేంద్రాలను పరిశీలించి 2023లో వెలువడిన ఒక అధ్యయనం, భూతాపం 2 డిగ్రీలు పెరిగితే, కృత్రిమ మంచు తోడు లేకుండా వాటిలో 53 శాతానికి మంచు కొరత ముప్పు చాలా ఎక్కువగా ఉంటుందని తేల్చింది. అయినా గ్‌స్టాడ్, మెజేవ్ ధరలు దిగిరాలేదు. ఆ ఊళ్లలో కొనేవాడు మంచును చూసి కొనడం లేదు, ఇరుగుపొరుగును చూసి కొంటున్నాడు. గ్‌స్టాడ్‌లో ఏ కట్టడమైనా కొయ్య షాలే రూపంలోనే ఉండాలన్న స్థానిక నిబంధన ఉంది. పైకి పెంచడానికి వీల్లేదు కాబట్టి డబ్బు భూమి లోపలికి దిగింది. ఈత కొలను, కారు షెడ్డు, సినిమా గది అన్నీ నేల కింద ఉంటాయి. వీధిలోంచి చూసేవారికి కనిపించేది రెండు మూడు అంతస్తుల పల్లె ఇల్లే.

ఇప్పుడు అసలు వివాదానికి వస్తాను. ఆల్ప్స్ పర్యాటక రంగంలో పనిచేసేవారు పడకలను వెచ్చనివి, చల్లనివి అని రెండుగా విడదీస్తారు. సీజన్ పొడవునా అద్దెకు తిరిగేవి వెచ్చనివి, యజమాని ఏడాదికి రెండు మూడు వారాలు వచ్చి వెళ్లాక తాళం పడేవి చల్లనివి. చల్లని పడక కూడా రోడ్డు, నీరు, మురుగు కాలువ, హిమపాత రక్షణ అన్నీ కోరుతుంది. అది ఊరికి తిరిగి ఇచ్చేది మాత్రం అతి స్వల్పం. బేకరీకి గిరాకీ ఉండదు, బడికి పిల్లలు ఉండరు. ఇళ్ల ధరలు మాత్రం స్థానికులకు అందనంత పైకి పోతాయి. ఈ కోపమే 2012 మార్చి 11న స్విట్జర్లాండ్ ప్రజాభిప్రాయ సేకరణలో బయటపడింది. పర్యావరణవాది ఫ్రాంజ్ వెబర్ ముందుకు తెచ్చిన ప్రతిపాదనను ఓటర్లు 50.6 శాతంతో, అంటే అంచున నిలబడి, ఆమోదించారు. ఏ గ్రామంలోనైనా రెండో ఇళ్లు, అంటే యజమాని స్థిరంగా నివసించని ఇళ్లు, మొత్తం ఇళ్లలో 20 శాతం మించరాదన్నది దాని సారాంశం. దాన్ని అమలు చేసే చట్టం 2016 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఆ పరిమితి దాటిన ఊళ్లలో కూడా, పర్యాటకులకు క్రమంగా అద్దెకిస్తూ నిర్వహించే బసలకు కొన్ని షరతులతో అనుమతి పొందే దారిని ఆ చట్టమే ఉంచింది. అంటే విలాసాన్ని చట్టం నిషేధించలేదు, ఖాళీగా పడి ఉండడాన్ని కట్టడి చేసింది. ఫ్రాన్స్ కూడా ఆలస్యంగానైనా అదే బాట పట్టింది. రెండో ఇళ్లు 20 శాతం దాటిన ఊళ్లు కొత్త కట్టడాలను స్థిర నివాసానికే కేటాయించుకునే వీలును 2024 నవంబరు చట్టం ఇచ్చింది.

ఈ దృష్టితో చూస్తే, సిబ్బందితో సీజన్ అంతా నడిచే కోటి రూపాయల షాలే, పక్కనే తాళం వేసిన నిరాడంబరమైన ఇంటికన్నా ఊరికి ఎక్కువ మేలు చేస్తోందని ఒప్పుకోక తప్పదు. ఈ మాట చాలామందికి మింగుడుపడదని తెలుసు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, అది సిబ్బంది వైపు నుంచి వస్తుంది. 2019 జనవరి 20 తెల్లవారుజామున కూర్షెవెల్‌లో సీజన్ కార్మికులు నివసించే భవనంలో మంటలు చెలరేగి ఇద్దరు చనిపోయారు, ఇరవై మందికి పైగా గాయపడ్డారు. ఐశ్వర్యం ఉట్టిపడే ఊళ్లో దాన్ని నడిపించే మనుషులు ఎలాంటి గదుల్లో తల దాచుకుంటున్నారన్న ప్రశ్న ఆ రోజు దేశమంతా వినిపించింది. పర్యాటక గ్రామాలు సీజన్ కార్మికుల వసతి మీద ప్రభుత్వంతో ఒప్పందం చేసుకోవాలని 2016 నాటి పర్వత చట్టం అప్పటికే చెప్పి ఉంది. కాగితం మీది ఒప్పందానికి, పడకకు మధ్య ఎంత దూరముందో ఆ ప్రమాదం చూపింది. తరువాత బ్రెగ్జిట్ వచ్చింది, బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వెళ్లింది. దశాబ్దాలుగా బ్రిటిష్ యువతీయువకులు ఒక శీతాకాలం వచ్చి వండిపెట్టి, ఊడ్చి, మిగిలిన సమయంలో స్కీ ఆడుకునే పద్ధతి మీద నడిచిన షాలే కంపెనీలకు, 2021 నుంచి వారికి అనుమతి పత్రాలు తప్పనిసరి కావడంతో ఆ చవక శ్రమ దొరకడం కష్టమైంది. ఈ మార్పును నేను నష్టంగా చూడను. కొండ మీద బతకగలిగే జీతం, గది ఇవ్వలేని వ్యాపారానికి అంత అద్దె వసూలు చేసే హక్కు ఎక్కడిది?

రాకపోకల లెక్క వేరు. కూర్షెవెల్ పైన 2,008 మీటర్ల ఎత్తున చిన్న విమానాల కోసం ఒక రన్‌వే ఉంది. పొడవు 537 మీటర్లే, అదీ నిటారైన వాలు మీద. పర్వతాల్లో వినోదం కోసం అతిథులను హెలికాప్టర్‌తో దించడాన్ని ఫ్రాన్స్ 1985లోనే నిషేధించింది, స్విట్జర్లాండ్ నిర్దేశించిన చోట్ల ఇప్పటికీ అనుమతిస్తోంది. జెర్మాట్‌కు పెట్రోలు కార్ల ప్రవేశమే లేదు. కారును దిగువనున్న టెష్ గ్రామంలో వదిలి, ఎంతటివారైనా చివరి అయిదు కిలోమీటర్లు సాధారణంగా రైలెక్కవలసిందే. అంతమాత్రాన అక్కడి విలాస షాలేలకు గిరాకీ తగ్గలేదన్నది ఇతర ఊళ్ల పాలకులు గమనించవలసిన విషయం.

తెలుగువారికి ఆల్ప్స్ అంటే సినిమా పాటల్లోని వేసవి. పచ్చిక, ఆవు మెడలో గంట, కిటికీ కింద ఎర్ర పూల తొట్టి. వేసవి సెలవుల్లో వెళ్లే మన పర్యాటకులు స్విట్జర్లాండ్‌లోని యుంగ్‌ఫ్రావ్ పర్వతం దగ్గర మంచును తాకి దిగివచ్చే బృంద యాత్రల్లోనే ఎక్కువగా కనిపిస్తారు. వేసవిలో షాలే అద్దె శీతాకాలం కన్నా బాగా తగ్గుతుంది. మూడు తరాల కుటుంబం, పప్పూ పెరుగూ లేనిదే ముద్ద దిగని పెద్దలు, వేళకు నిద్రపోవలసిన పిల్లలు కలిసి వెళ్తున్నప్పుడు, అయిదారు హోటల్ గదులు తీసుకోవడం కన్నా వంటగది ఉన్న ఒక మోస్తరు షాలే తీసుకోవడం తెలివైన పని కావచ్చు. పైగా అద్దెకు తిరగని నెలల్లో ఆ పడకను వెచ్చగా ఉంచిన అతిథి ఊరికి కావలసినవాడు.

ఇక ఖాళీ ఇళ్లకు మందు పన్ను అని ఫ్రాన్స్ నమ్ముతోంది. ఇళ్ల కొరత ఉన్న ప్రాంతాల్లో రెండో ఇంటి మీద నివాస పన్నుకు 5 నుంచి 60 శాతం దాకా అదనంగా విధించే అధికారాన్ని 2023లో అనేక పర్యాటక గ్రామాలకు కూడా విస్తరించింది. ఊళ్ల ఖజానాకు అది మంచిదే. కాని కోట్ల యూరోల ఇంటిని తాళం వేసి ఉంచగలిగినవాడికి ఆ అదనపు పన్ను తోటమాలి జీతంతో సమానం, దానికి భయపడి అతడు తలుపులు తెరవడు. కొత్త విలాస షాలేకు అనుమతి ఇచ్చేటప్పుడే ఏడాదికి ఇన్ని వారాలు అద్దెకు తిప్పాలనీ, అందులో పనిచేసే ప్రతి ఒక్కరికీ ఆ ఊళ్లోనే ఒక మంచి గది చూపాలనీ షరతు పెట్టి, తప్పితే అనుమతి రద్దు చేసే ధైర్యం గ్రామ మండళ్లకు ఉండాలి. ఆ మేరకు కొన్ని వారాల ఆదాయం వదులుకోవలసి వచ్చినా, ఈ వ్యాపారంలో ఉన్న లాభం దాన్ని భరించగలదు.