కండ కౌలుదారు, కొవ్వు పట్టాదారు

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో పెండ్లిళ్ల సీజన్ దగ్గరపడగానే నెలలో పది కిలోలు తగ్గే దీక్షలు మొదలవుతాయి. ఎగతాళి చేసేవాళ్లు ఎక్కువయ్యారు కనుక దీక్షాపరుల పక్షాన నాలుగు మాటలు చెప్పక తప్పదు.

పొద్దుగాల నిమ్మరసం, తేనె. పగటికి కీరదోస ముక్కలు. రాత్రికి మంచినీళ్లు, నిద్ర రాకపోతే మళ్లీ మంచినీళ్లు. మొదటి వారమే తూకం మిషన్ మూడు కిలోలు తక్కువ చూపిస్తుంది. ఒంట్లో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం గ్రాముకు సుమారు మూడు గ్రాముల నీళ్లు పట్టుకుని ఉంటుందని, పోయింది చాలా వరకు ఆ నీళ్లేనని గిట్టనివాళ్లు అంటారు. నీళ్లకు మాత్రం బరువు లేదా?

అసలు పని ఆ తర్వాత. తిండి సగానికి కోస్తే ఒంట్లో కరువు. కరువులో ఎవరిని ఖాళీ చేయించాలి? కొవ్వు పట్టాదారు, నడుము చుట్టూ హద్దురాళ్లు పాతుకున్న ఆసామి. కొంత శిస్తు కట్టి నిలబడతాడు. కండ కౌలుదారు. ఊరికే కూర్చున్నా తిండి అడుగుతుంది, చేతిలో కాగితం లేదు. 2018లో పట్టా ఉన్నవాళ్లకే డబ్బులిచ్చే రైతుబంధు వచ్చినప్పుడు కౌలుదారుకు ఏం దక్కిందో దానికీ అదే దక్కుతుంది.

ఈ ఏర్పాటును చెడగొట్టేది బరువులెత్తుడు. వారానికి రెండు మూడు రోజులు, పదికిలోల బియ్యం సంచి భుజాన వేసుకుని గుంజీలు, గోడకు చేతులానించి పుషప్‌లు. ఒక్కోటి 8 నుంచి 12 సార్లు, చివరి రెండూ పండ్లు బిగబట్టేంత కష్టంగా, మూడు విడతలు. 12 తేలికైతే బరువు పెంచాలట. పహాణీలో, అంటే భూమి రికార్డులో, దున్నేవాడిని రాసే అనుభవదారు కాలమ్‌లో కండ పేరు ఎక్కించే కుట్ర ఇది. వాడుతున్న కండను ఒళ్లు అంత తేలిగ్గా వదలదు మరి. స్టేడియం చుట్టూ నడక మంచిదే గానీ ఆ పేరు ఎక్కించే అధికారం దానికి లేదు. పైగా నడిచి ఖర్చుచేసిందాన్ని గేటు బయటి మిర్చిబజ్జీల ప్లేటు తిరిగి జమ చేస్తుంది.

రెండో కుట్ర ప్రొటీన్. కిలో బరువుకు 1.2 నుంచి 1.6 గ్రాములు, అంటే 70 కిలోల మనిషికి రోజుకు 85–110 గ్రాములు. మన పళ్లెంలో అన్నం గుట్ట, మీద గరిటెడు పప్పు; ఆ గరిటెలో ఐదారు గ్రాములు. లెక్క కుదరాలంటే మూడు గుడ్లు, 50 గ్రాముల మీల్‌మేకర్, బొక్కల్లేని చికెన్ 150 గ్రాములు, రెండు గరిటెల పప్పు, రెండు జొన్నరొట్టెలు కావాలి. వనపర్తి పల్లీల్లోనూ వంద గ్రాములకు 25 ఉంది, వెంట 560 కేలరీలూ ఉన్నాయి. పిడికెడు దాటితే పట్టాదారుకు ఇంకో ఎకరం.

కోత కూడా రోజుకు 300–500 కేలరీలే ఉండాలట, వారానికి అరకిలో చాలట. పది కిలోలకు ఐదు నెలలు! అప్పటికి పెండ్లికూతురు సీమంతం కార్డు పంపుతుంది. తొందరపడితే పిత్తాశయంలో రాళ్లు, రెండు మూడు నెలలకు జుట్టు రాలుడు ఉంటాయని బెదిరిస్తారు. కిడ్నీ జబ్బున్నవాళ్లు ప్రొటీన్ పెంచే ముందు, ఇన్సులిన్ వేసుకునేవాళ్లు తిండి తగ్గించే ముందు డాక్టర్‌ను అడగాలనే మాటకు మాత్రం దీక్షాపరుల దగ్గర కూడా జవాబు లేదు.

ఇక మిగిలింది టేపు. బొడ్డు దగ్గర చుట్టుకొలత తగ్గుతూ, సంచి ఎప్పట్లాగే లేస్తుంటే పోతున్నది కొవ్వు. నడుము అట్లే ఉండి, అదే సంచి వారం వారం బరువనిపిస్తుంటే వెళ్లిపోతున్నది కౌలుదారు. మిషన్ దాచిన సంగతి ఇట్లా బయటపడుతుంది కాబట్టి టేపును టైలర్ దగ్గరే ఉంచడం క్షేమం.