గ్లో పౌడర్ ‘12 గంటల’ కబుర్లు

రెజిన్, అంటే అచ్చులో పోస్తే గట్టిపడే ద్రవంతో పని చేసేవాళ్ల గ్రూపుల్లో గ్లో పౌడర్ (చీకట్లో వెలిగే పొడి) గురించి ఒక మెసేజ్ కొంతకాలంగా తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: “గ్లో పౌడర్ ఒక్క చెంచా కలిపితే చాలు, 12 గంటలు ఒకే తీరుగా వెలుగుతుంది. ఎంత ఎక్కువ వేస్తే అంత వెలుగు. ఏ రంగైనా ఒకటే, ఏ పెయింట్‌లోనైనా కలుస్తుంది. రేడియం ఉండదు కాబట్టి మాస్కు, గ్లౌజులు అక్కర్లేదు. గ్లాసులు, ప్లేట్లు కూడా చేసుకోవచ్చు.”

రేడియం, అంటే రేడియేషన్ వెదజల్లే లోహం, ఉండదన్న మాట ఒక్కటే ఇందులో నిజం. దాని చేయి పట్టుకుని మిగతావన్నీ నడిచొచ్చేశాయి.

ముందు ఆ 12 గంటల సంగతి. ఇప్పుడు దొరికే మంచి పౌడర్ స్ట్రాన్షియం అల్యూమినేట్ అనే రసాయనం. అందులో యూరోపియం, డిస్ప్రోసియం అనే లోహాలు కొద్దిగా కలుస్తాయి. 1990ల మొదట్లో జపాన్‌కు చెందిన నెమోటో కంపెనీ దీన్ని తయారుచేసింది. అంతకుముందు అందరూ వాడిన జింక్ సల్ఫైడ్‌తో పోలిస్తే ఇది చాలా మేలైన సరుకే, కాదనను. వెలుతురు పడ్డప్పుడు శక్తిని పట్టి ఉంచుకుని చీకట్లో వదులుతుంది. కానీ ఒకే తీరుగా వదలదు. లైటు ఆపిన మొదటి కొన్ని నిమిషాల్లోనే వెలుగు దబ్బున పడిపోతుంది. ఆ తర్వాత నెమ్మదిగా తగ్గుతూ పోతుంది. 10వ నిమిషంలో ఉన్న వెలుగులో గంట గడిచేసరికి మిగిలేది సుమారు ఏడో వంతు.

మరి డబ్బా మీద 12 గంటలని ఎందుకు వేస్తారు? వెలిగే బోర్డులకు జర్మనీ వాళ్ల డిఐఎన్ 67510 అనే ప్రమాణం ఉంది. వెలుగు చదరపు మీటరుకు 0.32 మిల్లీక్యాండెలాకు (వెలుగును కొలిచే యూనిట్) దిగేదాకా పట్టే సమయాన్ని అందులో లెక్కగడతారు. అమ్మేవాళ్లు చెప్పే గంటలు ఇలాంటి కొలతల నుంచే వస్తాయి. ఆ 0.32 కూడా కంటికి కనిపించే వెలుగే. కాకపోతే గది చిమ్మచీకటిగా ఉండాలి, కన్ను ఆ చీకటికి అలవాటు పడాలి. కిటికీలోంచి వీధి లైటు కాస్త లోపలికి వచ్చిందంటే ఆ వెలుగు ఉన్నా లేనట్టే. పైగా పౌడర్ మందంగా, దట్టంగా ఉంటేనే అలాంటి అంకెలు వస్తాయి. మీ కీచైన్‌లో పోసిన చెంచాడు పౌడర్‌కు అవి వర్తించవు.

ఆ మెసేజ్‌తో వచ్చే వీడియో గురించి కూడా ఒక మాట. యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చ్ కొట్టి, ఆపిన మరుక్షణం తీసిన షాట్లవి. పైగా చీకట్లో ఫోన్ కెమెరా ఎక్కువసేపు వెలుతురు లాక్కుని బొమ్మను పెంచి చూపిస్తుంది. అర్ధరాత్రి రెండింటికి లేచి తీసిన వీడియో ఎవరైనా పెట్టారేమో చూడండి.

“ఎంత ఎక్కువ వేస్తే అంత వెలుగు.” డబ్బులు ఎక్కువగా వృథా అయ్యేది ఈ మాట నమ్మే. పై పొర వెలుతురును అడ్డుకుంటుంది కాబట్టి లోపలి పౌడర్ సరిగా చార్జ్ అవ్వదు. అరకొరగా అయినా దాని వెలుగు బయటికి రాదు. రెజిన్ బరువులో 15 నుంచి 25 శాతం దాకా వేయడం సాధారణం. అది దాటితే రెజిన్ ముద్దలా చిక్కబడుతుంది, బుడగలు బయటికి పోవు.

దీనికంటే పెద్ద చిక్కు బరువు. ఎక్కువమంది వాడే ఎపాక్సీ రకం రెజిన్ ఘనపు సెంటీమీటరుకు 1.1 గ్రాముల దగ్గర ఉంటే, ఈ పౌడర్ 3.6 దాకా తూగుతుంది. పల్చటి రెజిన్‌లో వేసి వదిలేస్తే బిందెలో ఇసుకలా అడుగుకు దిగిపోతుంది. సిలికాన్ అచ్చులో అయితే ఇది కలిసొస్తుంది కూడా. అచ్చు అడుగే ముఖం కాబట్టి, బయటికి తీశాక వెలిగే పొర ముందువైపే ఉంటుంది. గోడ గడియారం, టేబుల్ లాంటి పైనుంచి పోసే పనుల్లో మాత్రం పౌడరంతా కింద చేరుతుంది, పైన మామూలు రెజిన్ మిగులుతుంది. రెజిన్ తేనెలా చిక్కబడేదాకా ఆగి అప్పుడు పౌడర్ కలపడం, పల్చని పొరలుగా పోయడం, ఆ పొర కింద తెలుపు వేయడం: ఈ మూడూ ఇంకో రెండు చెంచాల పౌడర్ కంటే ఎక్కువ పనిచేస్తాయి. యూవీ వెలుతురు పడితే గట్టిపడే యూవీ రెజిన్ వాడేవాళ్లు ఇంకా పల్చగా పోయాలి. పౌడర్ యూవీని అడ్డుకుంటుంది, అడుగు గట్టిపడక జిగటగా ఉండిపోతుంది.

రంగుల సంగతి త్వరగా తేల్చేయొచ్చు. అన్నీ ఒకటి కావు. ఆకుపచ్చ, నీలం కలిసిన ఆకుపచ్చ బాగా వెలుగుతాయి. చీకట్లో మన కంటికి బాగా ఆనేవి కూడా ఆ రంగులే. నీలం, ఊదా తక్కువ. ఎరుపు బాగా బలహీనం, త్వరగా ఆరిపోతుంది. రంగు కోసం మెరిసే మైకా పౌడరో, చిక్కటి పిగ్మెంటో కలిపారంటే వెలుగును మీరే కప్పేసినట్టు.

“ఏ పెయింట్‌లోనైనా కలుస్తుంది” అన్నది సగం కూడా నిజం కాదు. స్ట్రాన్షియం అల్యూమినేట్‌కు తడి పడదు. పూత లేని పౌడర్‌ను నీళ్లతో కలిసే అక్రిలిక్, ఫ్యాబ్రిక్ పెయింట్లలో వేస్తే గడ్డకడుతుంది, రానురాను వెలుగు పోతుంది. వాటికి నీటిని తట్టుకునే పూత ఉన్న రకం కావాలని అడిగి కొనాలి. మెత్తగా రావాలని మిక్సీలో మాత్రం వేయకండి. గింజ చితికితే వెలుగు తగ్గుతుంది. కాస్త పెద్ద గింజ ఉన్న రకమే ఎక్కువ వెలుగుతుంది.

ఇక మాస్కు. మన ఊళ్లలో బండి నంబర్ ప్లేటుకు అతికించేదాన్నీ రేడియమే అంటారు, పిల్లల గదిలో సీలింగ్ చుక్కలనూ రేడియమే అంటారు. రెంటిలోనూ అసలు రేడియం లేదు. అసలుది వాడిన రోజులు వేరే. 1917 తర్వాత అమెరికాలో, న్యూజెర్సీలోని ఆరెంజ్ అనే ఊళ్లో, గడియారం అంకెలకు రేడియం పెయింట్ వేసిన అమ్మాయిలు కుంచె మొనను పెదవులతో సన్నం చేసుకునేవారు. దవడ ఎముకలు కుళ్లి ఎంతోమంది చనిపోయారు. ఇప్పటి పౌడర్‌లో ఆ భయం లేదు. ఇందులోని స్ట్రాన్షియం కూడా మామూలుదే, అణుధూళిలో ఉండే, రేడియేషన్ వెదజల్లే స్ట్రాన్షియం-90 కాదు. కానీ రేడియేషన్ లేనంత మాత్రాన దుమ్ము దుమ్ము కాకుండా పోదు. డబ్బా మూత తీసి చెంచాతో తోడేటప్పుడే సన్నటి పొడి లేస్తుంది, దాన్ని పీల్చకూడదు. కలిపేదాకా ఎన్95 మాస్కు ఉంచుకోండి, ఫ్యాన్ ఆపేయండి. గ్లౌజులు పౌడర్ కోసం కాదు, ఎపాక్సీని గట్టిపరచడానికి కలిపే హార్డెనర్ కోసం. పదేపదే చేతికి తగిలితే ఎలర్జీ పట్టుకుంటుంది. పట్టుకుందంటే మళ్లీ రెజిన్ ముట్టుకోవడమే కష్టమవుతుంది.

గ్లాసులు, ప్లేట్లు వద్దు. తిండికి తగిలే వస్తువుల కోసమని ప్రత్యేకంగా పరీక్షించిన రెజిన్ అయినా, మీరు పౌడర్ కలిపిన క్షణం నుంచి ఆ హామీ వర్తించదు. వెలుగు సరదా తీరాలంటే గాజు గ్లాసు కింద పెట్టే కోస్టర్ చేసుకోండి. దాని మీద పొగలు కక్కే టీ కప్పు మాత్రం పెట్టకండి. మామూలు క్రాఫ్ట్ ఎపాక్సీ 50, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, కప్పు అడుగు గుండ్రంగా అచ్చు పడిపోతుంది.